అత్యధిక వర్షపాతం: చిరపుంజా, మాసిన్రామా, కొలంబియానా? గోడపటంలో ఏది రాయాలి?

భూగోళం_గది

హైస్కూలు వరండా గోడకు "ప్రపంచ ప్రకృతి రికార్డులు" అని ఒక పెద్ద పటం తయారవుతోంది. ఎత్తైన శిఖరం, లోతైన సరస్సు గడులు నిండాయి. వాన గడి దగ్గరే పని ఆగింది. పాత పాఠ్యపుస్తకంలో చిరపుంజి అని ఉంది, తర్వాతి వాటిలో మాసిన్రామ్ అని ఉంది. ఒక జాబితాలో కొలంబియాలోని యోరో కనిపిస్తే, ఇంకోదాంట్లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి పేరుంది. అంకెలు కూడా ఒకదానికొకటి పొంతన లేవు: 11 వేల మి.మీ. ఒకచోట, 26 వేలు మరోచోట.

ఈ నాలుగింటిలో ఏది సరైనది? రెండో సంగతి, పటం పక్కనే బడిలో రెయిన్ గేజ్ (వానను కొలిచే పరికరం) పెట్టి పిల్లలతో రోజూ లెక్క రాయించాలని ఉంది. దాన్ని ఎలా పెడితే ఆ లెక్కను నమ్మవచ్చు?

---

వానలెక్క

మీరు చూసిన పేర్లన్నీ ఏదో ఒక లెక్కలో మొదటివే. ఒక్కో పేరు ఒక్కో వ్యవధికి చెందుతుంది. ఆ వ్యవధి రాయకుండా ఊరి పేరు మాత్రమే ఎత్తిరాసుకుంటూ పోవడం వల్ల ఇంత గందరగోళం వచ్చింది. వాన రికార్డు రాసేటప్పుడు ఎంత కాలంలో కురిసింది, ఏ తేదీల్లో, కొలిచిన అంకెనా అంచనానా అన్న మూడూ పక్కన ఉండాలి. అవి లేని అంకెను పటంలోకి ఎక్కించకండి.

తక్కువ వ్యవధి నుంచి ఎక్కువకు వెళ్తే లెక్క ఇలా ఉంటుంది:

గంట లోపు: అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, హోల్ట్. 1947 జూన్ 22న 42 నిమిషాల్లో 305 మి.మీ.

24 గంటలు: రీయూనియన్ దీవిలోని ఫోక్‌ఫోక్. 1966 జనవరి 7–8, డెనీస్ తుపానులో 1,825 మి.మీ.

48 గంటలు: చిరపుంజి. 1995 జూన్ 15–16, 2,493 మి.మీ. మొదటి రోజు 930, రెండో రోజు 1,563.

72 గంటలు, 96 గంటలు: రెండూ రీయూనియన్‌లోని కొమెర్సోన్ బిలానివే. 2007 ఫిబ్రవరిలో గమెడ్ తుపానుకు మూడు రోజుల్లో 3,930 మి.మీ., నాలుగు రోజుల్లో 4,936 మి.మీ. పడింది.

ఒక నెల: చిరపుంజి, 1861 జులై, 9,300 మి.మీ.

వరుసగా 12 నెలలు: చిరపుంజి, 1860 ఆగస్టు నుంచి 1861 జులై వరకు, 26,461 మి.మీ.

ఏడాది సగటు: మాసిన్రామ్, 11,872 మి.మీ., 38 ఏళ్ల లెక్క మీద.

26 వేలకూ 11 వేలకూ పొంతన కుదరకపోవడానికి కారణం ఇదే. పెద్దది ఒకే ఒక్క అసాధారణ 12 నెలల మొత్తం, చిన్నది ఎన్నో ఏళ్ల సగటు. ఆ 12 నెలలూ ఆగస్టులో మొదలయ్యాయన్నది కూడా చూడండి. అది జనవరి నుంచి డిసెంబరు దాకా ఉండే క్యాలెండర్ ఏడాది కాదు. ఒక రుతుపవన కాలం చివరి భాగమూ, తర్వాతి ఏడాది వేసవి జల్లులూ, కొత్త రుతుపవనాల మొదటి రెండు నెలలూ అందులో కలిసిపోయాయి. అందుకని పటంలో "1861లో 26,461 మి.మీ." అని రాస్తే తప్పవుతుంది. నెలలు కూడా రాయాలి.

48 గంటల రికార్డు చిరపుంజికి కేవలం 26 మి.మీ. తేడాతో దక్కింది. అంతకు ముందు అది రీయూనియన్‌లోని ఔరేర్ పేరిట ఉండేది: 1958 ఏప్రిల్, 2,467 మి.మీ. 1995 నాటి లెక్కలను ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఖాయం చేసింది. ఇంత దగ్గరి పోటీలో రిజిస్టరు, తేదీలు, పరికరం అన్నీ తిరగేసి చూడక తప్పదు.

ఇక యోరో. అమెరికా వాతావరణ సంస్థ నోవా జాబితాలో దాని సగటు 13,300 మి.మీ. దాకా ఉంటుంది. మాసిన్రామ్ కంటే 1,400 పైచిలుకు ఎక్కువ. కానీ ఆ జాబితాలోనే అది అంచనా వేసిన మొత్తమని గుర్తు పెట్టారు. కొలంబియా పసిఫిక్ తీరం నిజంగానే భూమి మీద అతి తడి ప్రాంతాల్లో ఒకటి, అందులో సందేహం లేదు. కాకపోతే అంచనాను, కొలిచిన సగటును ఒకే గడిలో పోటీకి నిలబెట్టకూడదు. కింద ఒక వరుసలో "అంచనా" అని స్పష్టంగా రాసి ఇవ్వండి.

మాసిన్రామ్, చిరపుంజి పోటీ గురించి నా అభిప్రాయం ఇది. చిరపుంజికి 1971–2000 సగటు 11,777 మి.మీ. మాసిన్రామ్ 11,872తో తేడా 95 మి.మీ., అంటే ఒక శాతం కూడా లేదు. పైగా రెండు సగటులూ ఒకే కాలానివి కావు. మామూలు రెయిన్ గేజ్‌లో గాలి ఒక్కదాని వల్లనే పడాల్సిన వానలో 2 నుంచి 10 శాతం దాకా లోపలికి పోకుండా పక్కకు జారిపోతుంది. పరికరం తప్పే అంతుంటే, ఒక శాతం కంటే తక్కువ తేడాతో ఒక ఊరిని గెలిపించి ఇంకో ఊరిని ఓడించడంలో అర్థం లేదు. "ఏడాది సగటు" గడిలో రెండు పేర్లూ, రెండు అంకెలూ రాయండి. "చిరపుంజి రికార్డు పోయింది" అని పిల్లలకు చెప్పడం మాత్రం పూర్తిగా తప్పు. 48 గంటలు, ఒక నెల, 12 నెలలు అన్నీ ఇప్పటికీ దానివే.

---

పరీక్షల_బెంచీ

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు కూడా ఆ పటం చూస్తారు కాబట్టి ఒక మాట. ప్రశ్నలో "సగటు వార్షిక వర్షపాతం" అని ఉంటే మాసిన్రామ్ పెట్టాలి. "12 నెలల్లో" లేదా "ఒక నెలలో" అని ఉంటే చిరపుంజి. ప్రశ్న తయారుచేసేవారు కూడా ఆ రెండు మాటలూ వదిలేయకుండా రాస్తే వివాదాలు రావు. సోహ్రా అని వచ్చినా అది చిరపుంజే. ఇప్పుడు మేఘాలయలో అధికారికంగా వాడేది ఆ పేరే.

---

ద్రోణి

వానలెక్క గారు అంకెలు ఇచ్చారు. పటంలో వాటి పక్కన "ఎందుకు" అని రెండు వాక్యాలకు చోటుంచండి, ఎందుకంటే రీయూనియన్‌లోనూ, చిరపుంజి–మాసిన్రామ్ ఉన్న ఖాసీ కొండల్లోనూ వాన కురిసే తీరే వేరు.

రీయూనియన్ చిన్న అగ్నిపర్వత దీవి. ఫోక్‌ఫోక్, కొమెర్సోన్ బిలం రెండూ పితోన్ డి లా ఫుర్నేజ్ అగ్నిపర్వతం మీద సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఉన్నాయి. సముద్రం మీద నుంచి వచ్చే తుపాను తేమ ఆ నిటారు వాలు ఎక్కి చల్లబడుతుంది. తుపాను దీవి దగ్గర నెమ్మదిస్తే అదే వాలు మీద రోజుల తరబడి కుండపోత పడుతుంది. అందుకే ఒకటి, మూడు, నాలుగు రోజుల రికార్డులు దానివి. తుపాను దాటిపోయాక ఆ జోరు ఉండదు.

ఖాసీ కొండలకు తుపాను అక్కర్లేదు. బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ మైదానం దాదాపు సముద్ర మట్టంలో ఉంటుంది. దాని ఉత్తరపు అంచున మేఘాలయ పీఠభూమి ఒక్కసారిగా 1,300–1,400 మీటర్లు లేస్తుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే నైరుతి గాలికి మైదానంలో అడ్డే లేదు, పైగా వానాకాలంలో నీళ్లు నిలిచిన ఆ మైదానమే ఇంకాస్త తేమ కలుపుతుంది. కొండ అంచున దక్షిణానికి తెరుచుకున్న లోతైన లోయలు ఆ గాలిని ఇరుకులోకి నెట్టి పైకి తోస్తాయి. మాసిన్రామ్, చిరపుంజి పక్కపక్కనున్న వేర్వేరు శిఖరరేఖల మీద ఉన్నాయి. వాటి మధ్య గగన దూరం సుమారు 15 కిలోమీటర్లే కాబట్టి సగటులు దగ్గరగా రావడంలో వింత లేదు. అక్కడి నుంచి ఉత్తరంగా సుమారు 35–40 కిలోమీటర్ల దూరంలో కొండ వెనక ఉన్న షిల్లాంగ్‌కు మాత్రం ఏడాదికి రెండు వేల మి.మీ. పైచిలుకే దక్కుతుంది.

తెలుగు రైతులకు బాగా తెలిసిన ఒక సంగతితో దీన్ని ముడిపెట్టి చెప్పవచ్చు. జులై, ఆగస్టుల్లో రుతుపవన ద్రోణి (వాన తెచ్చే పొడవాటి అల్పపీడన పట్టీ) ఉత్తరానికి జరిగి హిమాలయాల పాదాల దగ్గర కూర్చుంటే మధ్య భారతంలోనూ మన వైపూ వాన మొహం చాటేస్తుంది. దాన్నే వానల విరామం అంటాం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఖాసీ కొండల మీద వాన మరీ జోరందుకుంటుంది. ఇక్కడ మెట్ట పైర్లు ఎండుతున్న వారంలో అక్కడ వందల మి.మీ. కురుస్తున్నట్టు వార్తల్లో కనిపిస్తే ఆ రెండింటికీ కారణం ఒకటే.

ఇంకో మాట కూడా రాయండి: శీతాకాలంలో చిరపుంజిలో తాగునీటికి కటకట. కొండ మీద మట్టి పొర పలచన, అడుగున సున్నపురాయి, ఇసుకరాయి. కురిసిన నీళ్లు నిలవకుండా బంగ్లాదేశ్ వైపు జారిపోతాయి. ఏడాది మొత్తం ఎంత పెద్దదైనా నీళ్ల భద్రతకు అది హామీ కాదని పిల్లలకు అర్థమవ్వాలి.

---

పాత_రిజిస్టర్

ఉష్ణోగ్రత గడి నింపేశారో లేదో గానీ, అందులో లిబియాలోని అల్ అజీజియా, 58 డిగ్రీలు అని ఉంటే వెంటనే మార్చండి. ఇప్పటికీ చాలా తెలుగు జీకే పుస్తకాల్లో అదే అచ్చవుతోంది.

1922 సెప్టెంబర్ 13న నమోదైన ఆ అంకెను ప్రపంచ వాతావరణ సంస్థ 2012లో, అంటే సరిగ్గా 90 ఏళ్లకు, రద్దు చేసింది. కారణాలు తెలుసుకుంటే వాన లెక్కకూ పనికొస్తాయి. మామూలు పరికరం బదులు సిక్స్–బెల్లాని రకం థర్మామీటర్ వాడారు. అందులో లోపల జరిగే చిన్న సూచిక ఏ కొన దగ్గర చదవాలో తెలియకపోతే ఏడు డిగ్రీల దాకా తేడా వస్తుంది. చదివిన మనిషి కొత్తవాడని రిజిస్టరులోని రాత చెబుతోంది. నేల సహజమైన ఎడారి నేల కాదు, తారు లాంటిది పరిచి ఉంది. అదే రోజు చుట్టుపక్కల కేంద్రాల్లో అంత వేడి లేదు. ఆ తర్వాత ఏ ఏడాదీ అదే కేంద్రంలో మళ్లీ ఆ దరిదాపులకు రాలేదు. అది పోయాక గడిలోకి వచ్చింది అమెరికాలోని డెత్ వ్యాలీలో ఫర్నేస్ క్రీక్: 1913 జులై 10న 56.7 డిగ్రీలు.

వాన గడికి ఎదురుగా కరువు గడి ఖాళీగా ఉంటే చిలీలోని అరికా రాయండి. 1903 అక్టోబరు నుంచి 1918 జనవరి దాకా 173 నెలలు అక్కడ వాన నమోదు కాలేదు.

---

భూగోళం_గది

చాలా ఉపయోగపడ్డాయి, అందరికీ కృతజ్ఞతలు. అల్ అజీజియాయే రాసి ఉంది, మారుస్తున్నాం. రెయిన్ గేజ్ విషయం కూడా ఎవరైనా చెప్పగలరా? దాత ఒకరు టిప్పింగ్ బకెట్ రకం (లోపలి చిన్న బకెట్ నిండినప్పుడల్లా ఒరిగి లెక్క వేసేది) ఇస్తామంటున్నారు, మామూలు గరాటు–సీసా రకం కూడా కొనవచ్చు. ఏది మేలు? పెట్టడానికి స్కూలు డాబా మీద చోటు ఉంది, ప్రహరీ లోపల నేల మీదా ఉంది.

---

ఉదయం_ఎనిమిదిన్నర

డాబా వద్దండి. పైన గాలి జోరు ఎక్కువ, గేజ్ అంచు దగ్గర గాలి పైకి లేచి చినుకుల్ని అవతలికి తీసుకుపోతుంది. నేల మీదే పెట్టండి. గరాటు అంచు నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున, నాలుగు వైపులా సమంగా ఉండాలి. స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి. దగ్గర్లో గోడగానీ చెట్టుగానీ ఉంటే దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరం జరపాలి. బడి గోడ 6 మీటర్లుంటే 12 మీటర్లు. పక్కనున్న వేపమొక్క నాలుగేళ్లలో చెట్టవుతుంది, దాన్నీ లెక్కలో పెట్టుకోండి. చుట్టూ సిమెంటు చేయించకండి. గచ్చు మీద పడిన చినుకు ఎగిరి గరాటులో పడుతుంది. పొట్టిగా కోసిన గడ్డి ఉంటే మంచిది.

పిల్లలకైతే ముందు గరాటు–సీసా రకమే కొనండి. అందులో నీళ్లు కళ్లకు కనిపిస్తాయి, తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవచ్చు. గరాటు వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లయితే 20 మిల్లీలీటర్లు ఒక మి.మీ. వానకు సమానం. 100 అయితే 10 మిల్లీలీటర్లు. పాత సైమన్స్ రకానికి, అంటే 127 మి.మీ. వ్యాసం ఉన్నదానికి, 12.67 మిల్లీలీటర్లు. ఈ లెక్క గోడ మీద రాయించండి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే: కొలగ్లాసు పగిలిపోతే ఇంకో రకం గేజ్‌ది తెచ్చి వాడతారు. 100 చదరపు సెంటీమీటర్ల గేజ్ గ్లాసుతో 200ది కొలిస్తే ప్రతి వానా రెట్టింపు కనిపిస్తుంది. అనుమానం వస్తే సైన్స్ ల్యాబ్ కొలజాడీతో నీళ్లు కొలిచి పై లెక్కతో భాగించండి.

సీసా పరిమాణం కూడా చూసుకోవాలి. 200 చదరపు సెంటీమీటర్ల గరాటు కింద 4 లీటర్ల సీసా ఉంటే 200 మి.మీ.కే నిండిపోతుంది. వాతావరణ శాఖ "అత్యంత భారీ వర్షం" అనేది 204.5 మి.మీ. నుంచి, అంటే సరిగ్గా పెద్ద వాన పడిన రోజే సీసా పొంగుతుంది. పొంగిన నీళ్లు బయటి డబ్బాలో చేరతాయి. వాటినీ కొలిచి కలపాలి, పారబోయకూడదు. ముసురు పట్టి ఆగకుండా కురుస్తుంటే మధ్యలో తీసి కొలిచి, సమయం వేసి రాసుకుని, ఉదయం అన్నీ కలపండి. 2022 జూన్ 17న మాసిన్రామ్‌లో 1,003.6 మి.మీ. నమోదైంది. 100 చదరపు సెంటీమీటర్ల గరాటుకు 10 లీటర్ల సీసా పెట్టినా అది చాలదు.

కొలిచే వేళ ఉదయం 8.30. ఆ వేళకు ముగిసిన 24 గంటల వాన, కొలిచిన రోజు తేదీలోకే వెళుతుంది. ఇది పాటించకపోతే మీ లెక్క వాతావరణ శాఖ లెక్కతో ఎప్పటికీ కలవదు. ముంబయి వరద 2005 జులై 26న వచ్చింది, కానీ శాంతాక్రూజ్ కేంద్రంలో 944 మి.మీ. నమోదైన తేదీ జులై 27. (అదే 24 గంటల్లో అదే నగరంలోని కొలాబాలో 73 మి.మీ. మాత్రమే. ఒక గేజ్ ఊరంతటికీ సాక్ష్యం కాదు.) ప్రపంచ రికార్డుల్లో "24 గంటలు" ఏ గంట నుంచైనా మొదలవ్వచ్చు, మన రిజిస్టరులో మాత్రం 8.30 నుంచి 8.30. ఒకే వాన 8.30కి ఇరువైపులా పడితే రెండు రోజులకు చీలిపోతుంది. అందుకే అసలు 24 గంటల గరిష్ఠం, ఇలా రోజువారీ కొలతలో వచ్చే గరిష్ఠం కంటే సగటున 1.13 రెట్లు ఉంటుందని ఇంజినీర్లు లెక్క కడతారు.

ఇక సెలవులు. ఆదివారం ఎవరూ కొలవకపోతే సోమవారం సీసాలో 48 గంటల నీళ్లుంటాయి. దాన్ని రెండుగా పంచకండి, సోమవారం ఒక్కరోజుకే కూడా వేయకండి. ఆదివారం గడిలో "కొలవలేదు", సోమవారం గడిలో "రెండు రోజుల మొత్తం" అని రాయాలి. ఖాళీ రోజుకు సున్నా వేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. వాన లేని సున్నాకూ, మనిషి రాని సున్నాకూ తేడా తర్వాత ఎవరికీ తెలియదు. బూటకపు రికార్డులు పుట్టేది కూడా ఇలాంటి కలిపేసిన మొత్తాల నుంచే.

టిప్పింగ్ బకెట్ ఇస్తామంటే వద్దనకండి, రెండోదిగా పక్కన పెట్టండి. గంట గంటకూ ఎంత పడిందో అదే చెప్పగలదు. కానీ కుండపోతలో బకెట్ ఒరిగే క్షణంలో వచ్చే నీళ్లు లెక్కలోకి రావు కాబట్టి తక్కువ చూపిస్తుంది, జోరు పెరిగేకొద్దీ ఆ లోటూ పెరుగుతుంది. చీమలు గూడు పెడితే, గరాటు రంధ్రంలో ఆకు ఇరుక్కుంటే అసలు కదలదు. వాన ఆగాక కూడా చుక్కలు చుక్కలుగా లెక్క పెరుగుతుంటే లోపల ఏదో అడ్డుపడినట్టే. రుతుపవనాలకు ముందు ఒకసారి పరీక్షించండి: 200 చదరపు సెంటీమీటర్ల గరాటు, ఒక్కో ఒరుగుడు 0.2 మి.మీ. అయితే, సరిగ్గా ఒక లీటరు నీళ్లు గంటసేపు సన్నగా కారేలా పోస్తే 250 ఒరుగుళ్లు రావాలి. 0.5 మి.మీ. రకమైతే 100. లీటరు ఒక్కసారిగా కుమ్మరిస్తే పరీక్ష చెల్లదు.

---

భూగోళం_గది

నేల మీదే పెడతాం. చివరిగా ఒకటి: పటంలో మన ప్రాంతపు అంకె ఒకటి ఉంటే పిల్లలు దగ్గరికొచ్చి చూస్తారు. నమ్మదగినది ఏదైనా ఉందా?

---

వానలెక్క

ఉంది. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేట: 2023 జులై 27, గురువారం ఉదయం 8.30కి ముగిసిన 24 గంటల్లో 649.8 మి.మీ. అంతకు ముందు తెలంగాణ రికార్డు ఇప్పటి ములుగు జిల్లాలోనే ఉన్న వాజేడుది: 2013 జులై 19న 517.5 మి.మీ.

దాన్ని సగటు గడి పక్కన కాకుండా 24 గంటల వరుసలో, ఫోక్‌ఫోక్ 1,825, చిరపుంజి 1,563 కింద రాయండి. ఎనిమిదిన్నర గారి లెక్క ప్రకారం 200 చదరపు సెంటీమీటర్ల గరాటులో 649.8 మి.మీ. అంటే 13 లీటర్లు. పటం కింద బల్ల మీద లీటరు సీసాలు 13 నింపి వరుసగా పెడితే అంకె పిల్లలకు కళ్లెదుట కనిపిస్తుంది. 1995 జూన్ 16 నాటి చిరపుంజికైతే 31 సీసాలు నింపి, 32వ దాంట్లో పావు లీటరు పైన పోయాలి.